ఒక్క మగ్గం ఆగితే

ఆ మగ్గాల షెడ్డులో మాట్లాడాలంటే మనకి నోరుంటే చాలదు, ఎదుటివాడికి కళ్లుండాలి. మరమగ్గాలు వరసలు వరసలుగా నిలబడి పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే బాదుడు. పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు గొంతుతో పని లేకుండా పెదవులు బాగా విప్పి మాట్లాడతారు. ఎదుటివాళ్లు ఆ పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటారు. ఏళ్ల తరబడి అలా బతికినవాళ్లకి చెవులు సగం పోతాయి, బయటికొచ్చినా ఆ అలవాటు పోదు. "మా ఆయన్ని తిట్టాలంటే ఎదురుగా వచ్చి నిలబడి తిట్టాలి. వచ్చేసరికి సగం కోపం దారిలోనే చల్లారిపోతుంది" అనేది బావ భార్య.

బావ అంటే ఆ షెడ్డులో అందరికంటే పాత నేతగాడు. న్యాయంగా ఆయన బావ అయ్యేది ఒక్కడికే, తన భార్య తమ్ముడికి. ఆ తమ్ముడు కుర్రతనంలో షెడ్డులో చేరి భోజనాల వేళ ఎక్కడున్నా "బావా! బావా!" అని అరిచేవాడు. అది విని విని అందరూ బావా అనడం మొదలుపెట్టారు. కొత్తగా చేరిన ఆడపిల్లలు కూడా బావా అంటుంటే ఆయన భార్య మొదట్లో మూతి ముడుచుకుంది. "ఊరందరికీ బావవైతే నాకేమవుతావు?" అంది. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనడు. నోరు తెరిస్తే నేసిన గుడ్డ ఊడిపోతుందన్నట్టు ఉంటాడు.

షెడ్డు ఏ షావుకారుదీ కాదు. పాత యజమాని నష్టమొచ్చి చేతులెత్తేసి పోతే, నేతగాళ్లే కూడి దాన్ని నిలబెట్టుకున్నారు. ఏటా తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకుంటారు. ఏ నిర్ణయమైనా అందరూ కలిసి చెయ్యాలి. కలిసి చెయ్యాలంటే మాటామాటా అనుకోవాలి, అనుకోవాలంటే మగ్గాలు ఆపాలి, ఊరికే ఆపితే గుడ్డ పాడు. అందుకని ఆ మొదటి తరం వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు.

పెద్ద తాను చెయ్యదలుచుకున్నది పలక మీద సుద్దతో రాస్తాడు. ఆ పలక పట్టుకుని ఒక మనిషి వరసల మధ్య నడుస్తాడు. చదువు రానివాళ్లకి పెదవులతో చెబుతాడు. సరే అనుకున్నవాడు తన మగ్గం తను నడుపుకుంటాడు. కాదనుకున్నవాడు మీట లాగి మగ్గం ఆపేస్తాడు. ఒక్క మగ్గం ఆగితే చాలు, అందరూ ఆపాలి. ఆపి, ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినాలి. ఆ తర్వాత చేతులెత్తాలి. ఎటు ఎక్కువైతే అటు.

బయట మౌనం అర్ధాంగీకారం అంటారు. షెడ్డులో ఆ లెక్క తిరగబడింది. అక్కడ రొదంటే సరే అని. మౌనం వచ్చిందంటే ఎవరో కాదన్నారని.

ఇందులో ఒక చిక్కుంది. మగ్గమన్నాక పోగు తెగుతుంది, తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది. సరిగ్గా పలక తిరిగేటప్పుడు తెగితే? అందుకో సైగ ఉంది. చెయ్యి పైకెత్తి, చూపుడు వేలూ మధ్య వేలూ మెలేసి చూపించాలి. దాన్ని 'ముడి' అంటారు. నేను కాదనలేదు బాబూ, పోగు తెగింది, ముడేసుకుంటున్నాను అని దాని అర్థం. అది చూసి మిగతావాళ్లు నడుపుకుంటూ పోతారు.

ఆ పద్ధతితో విసుగు లేదని కాదు. ఒకసారి గేటుకి రంగు వేయిద్దామని పలక తిరిగితే ఒకాయన టక్కున మగ్గం ఆపాడు. అందరూ ఆపారు. ఆయన చెప్పిందేమిటయ్యా అంటే, మరుగుదొడ్డి తలుపుకి గొళ్లెం లేకుండా గేటుకి రంగేమిటి అని. "లోపల ఉన్నామని తెలియాలంటే పాట పాడాలి. ఈ రొదలో పాడితే ఎవడికి వినపడుతుంది?" అన్నాడు. తిట్టుకుంటూనే విన్నారు. గొళ్లెం వచ్చింది.

బావమరిదికి పని నేర్పింది బావే. పోగు పట్టడం, ముడెయ్యడం, మగ్గం చప్పుడులో తేడా కాళ్లతో కనిపెట్టడం అన్నీ తన మగ్గం పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. కుర్రాడు చురుకైనవాడు. నలుగురిలో కలిసిపోయే మనిషి. నవ్విస్తాడు, కష్టంలో అడక్కుండానే వచ్చి నిలబడతాడు. ఆ గుణం చూసే అతన్ని పెద్దగా ఎన్నుకున్నారు. అతను పెద్దయ్యాక షెడ్డు కప్పు కారడం ఆగింది. గుడ్డ కొనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. మళ్లీ ఎన్నుకున్నారు, మళ్లీ మళ్లీ ఎన్నుకున్నారు. అందులో తప్పేమీ లేదు. బావ కూడా ప్రతిసారీ చెయ్యెత్తాడు.

తర్వాత ఊరి చివర పెద్ద మిల్లు వచ్చింది. వాళ్లు చవగ్గా నేస్తున్నారు. కొనేవాళ్లు మొహం చాటేయడం మొదలుపెట్టారు. బావమరిదికి నిద్ర తగ్గింది, నవ్వు తగ్గింది, చిరాకు పెరిగింది. షెడ్డు మూల ఉన్న అద్దాల గదిలో ఎవరెవరితోనో గంటలకొద్దీ మాట్లాడుతున్నాడు. ఆ గదికి అద్దాలు పెట్టిందే పెద్ద ఏం చేస్తున్నాడో అందరికీ కనపడాలని. ఒకరోజు పొద్దున వచ్చేసరికి అద్దాలకి లోపలినించి నల్ల తెర వేసి ఉంది.

బయటివాడైతే తెరేగా అనుకునేవాడు. నేతగాళ్లకి అలా కాదు. తెర వెయ్యడమంటే పెదవులు దాచుకోవడం. గుసగుసలాడటానికి ఆ షెడ్డులో అంతకంటే మార్గం లేదు.

"ఎండ పడుతోందట" అన్నాడు తొండ. నేతతోపాటు పలక తిప్పే పనీ, నూలు పంచే పనీ తొండది. పెద్ద ఏమన్నా తలాడిస్తాడు గనక తొండ అయ్యాడు. ఏ పెద్ద ఉన్నా అంతే. మనిషి మీద అతనికి పట్టింపు లేదు, తలాడించడమే ముఖ్యం.

"ఆ గోడ ఉత్తరం వైపు. ఎండెక్కడిది?" అంది పిచ్చుక. సన్నగా పొట్టిగా ఉండి ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే ఆడమనిషి. బావ పక్క మగ్గం ఆవిడదే.

తొండ దానికీ తలాడించాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, పని గంటలు పెంచుదామని పలక వచ్చింది. పిచ్చుక మగ్గం ఆపింది. అందరూ విన్నారు, చేతులెత్తారు, పిచ్చుక ఓడిపోయింది. ఓడిపోతే ఓడిపోయింది, అది మామూలే. మామూలు కానిది ఆ తర్వాత జరిగింది. పిచ్చుక మగ్గానికి పుచ్చిన నూలు రావడం మొదలైంది. పట్టుకుంటే తెగే నూలు. పొద్దస్తమానం ముళ్లు వేసుకోవడంతోనే ఆవిడకి సరిపోయేది. గుడ్డ సాగదు, కూలి రాదు. అడిగితే "ఎవరికో ఒకరికి రావాలిగా" అన్నాడు తొండ. షెడ్డులో అందరూ చూశారు. ఆ వారం నించి ఎవరి మగ్గమూ ఆగలేదు. పలక గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు చుట్టూ తిరిగి, గదిలోకి పోయేది.

ఒక సాయంత్రం బావమరిది బావ ఇంటికి వచ్చాడు. వచ్చి చాలా రోజులైంది.

"ఏం బావా, మోకాళ్లేమంటున్నాయి?" అన్నాడు, ఎదురుగా పీట వాల్చుకుని.

"వాటికేం, నాకంటే ఎక్కువ మాట్లాడుతున్నాయి."

బావమరిది గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని లోపలినించి అక్క వచ్చింది. "నువ్వైనా చెప్పరా. పడుకుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఏమయ్యా అంటే ఏం లేదంటాడు. ఆ మగ్గం దగ్గర నిలబడి నిలబడి ఒకరోజు అలాగే కర్రయిపోతాడు."

"ఆ సంగతికే వచ్చానక్కా. గుడ్డ చూసే బల్ల ఖాళీ అవుతోంది. అక్కడున్న పెద్దాయనకి చూపు ఆనడం లేదు, మానేస్తున్నాడు. కిటికీ పక్క కుర్చీ, కూర్చుని గుడ్డ మీద తప్పులు చూడటమే పని. బావ అందులో కూర్చుంటాడు."

ఆవిడ మొహం చాటంతైంది. బావ కాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"దానికీ పలక తిప్పాలిగా" అన్నాడు.

"పలకెందుకు బావా? నేనిస్తున్నాను."

బావ చెయ్యి రెండో మోకాలి మీదికి వెళ్లింది.

"రేపు వేరే పలక తిరుగుతుంది" అన్నాడు బావమరిది, పీట కాస్త ముందుకి జరుపుకుని, పెదవులు బాగా కనపడేలా. "రెండే మాటలు. ఒకటి, పరిస్థితి కుదుటపడేదాకా పెద్దని ఏటా ఎన్నుకోవడం ఉండదు, ఇప్పుడున్నవాడే ఉంటాడు. రెండు, పలక తిరిగేటప్పుడు మగ్గం ఆపకూడదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే విడిగా నా గదికి వచ్చి చెప్పుకోవచ్చు."

"ఎలాగూ నిన్నే ఎన్నుకుంటున్నారుగా."

"నేననేదీ అదే. ఎలాగూ నన్నే అయినప్పుడు ఆ తతంగం దేనికి?"

"మగ్గం ఆపొద్దనడం?"

"బావా, నువ్వు చెప్పు. మగ్గం ఆపి మళ్లీ నడిపితే ఆ చోట గుడ్డ మీద గీత పడుతుందా లేదా? ఒకరు ఆపితే అందరివీ ఆగాలి. అందరి గుడ్డల మీదా గీత. కొనేవాడు వేలు పెట్టి చూపిస్తున్నాడు, మిల్లు గుడ్డ మీద లేదుగా, మీకెందుకుంటుంది అంటున్నాడు. ఏం చెప్పను? మా దగ్గర ఒకావిడకి కోపమొచ్చింది, అందుకు పడిందని చెప్పనా?" గొంతు తగ్గించాడు. "ఏరు పోటు మీదుంది. పడవలో ఉన్నవాళ్లందరినీ తెడ్డు ఎటు వెయ్యమంటారని అడుగుతూ కూర్చుంటే మునిగిపోతాం. నాకు పదవి మీద ఆశ కాదు. నీకు తెలుసు."

బావకి తెలుసు. పదవి మీద ఆశతో మొదలవలేదు. అంతవరకూ నిజమే.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. నీ మగ్గం నువ్వు నడుపుకో చాలు. నీది ఆడుతుంటే పాతవాళ్లందరివీ ఆడతాయి. పాతవాళ్లవి ఆడుతుంటే కొత్తవాళ్లు నోరెత్తరు."

వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, చిన్నప్పటిలాగే బావ భుజం మీద చెయ్యేసి నొక్కి వెళ్లాడు. తలుపు వేసొచ్చి భార్య ఎదురుగా నిలబడింది, తిట్టడానికి నిలబడినట్టే.

"వాడడిగిందేముంది? ఊరికే నిలబడి నీ పని నువ్వు చేసుకోమన్నాడు. కొండలేమైనా మొయ్యమన్నాడా? నలుగురూ చేసినట్టే చెయ్యి. ఆ పిచ్చుక మాటలు పట్టుకుని నా పుట్టింటి గుమ్మం నాకు మూసెయ్యకు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బావ పడుకున్నాడు. మోకాళ్లు మాట్లాడుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పిచ్చుక ఎదురైంది. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. ముడేసి ముడేసి చర్మం లేచిపోయింది.

"పలక మీద ఏముందో నీకు తెలుసు కదా బావా."

బావ తలూపాడు.

"నేనాపితే ఏమంటారు? అదెప్పుడూ అంతే, కూస్తుంది అంటారు. నువ్వాపితే అలా అనలేరు." ఆయన మొహంలోకి చూసింది. ఏం కనపడిందో ఏమో. "బల్ల ఇస్తానన్నాడా?"

బావ మళ్లీ తలూపాడు.

"కూర్చో బావా. మోకాళ్లు నీవి. నేనేమీ అనను" అని లోపలికి వెళ్లిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అననంటే అది రోజంతా చెవిలో జోరీగలా ఉంటుంది.

మగ్గాలు మొదలయ్యాయి. నేల అదరడం మొదలైంది. చెవులు పోయినవాళ్లకి ఆ అదురే లోకం. భోజనాల వేళ దాటాక గది తలుపు తెరుచుకుంది. తొండ పలకని రెండు చేతులా గుండెకానించుకుని బయటికొచ్చాడు. వెనకాల తెర మూసుకుంది.

బావ ఆపకూడదనే అనుకున్నాడు. అబద్ధమెందుకు, రాత్రే అనుకున్నాడు. చేతులు మీట జోలికి పోకుండా గుడ్డ అంచు సర్దుతున్నట్టు పెట్టుకున్నాడు. పలక మొదటి వరస దాటింది. ఎవరి మగ్గమూ ఆగలేదు. రెండో వరసలోకి తిరిగింది. చదవగానే తలలు దించుకుంటున్నారు. నూనె మేస్త్రి, మగ్గాలు బాగుచేసే మనిషి, చేతిలో నూనెడబ్బా పట్టుకుని పలక చదివి, ఆ నూనెని మగ్గం మీద పోశాడో నేల మీద పోశాడో తెలియకుండా నిలబడ్డాడు. పిచ్చుక చెయ్యి మీట మీద ఉంది. ఉంది గానీ లాగలేదు. ఆవిడ బావ వైపు చూడటం లేదు.

పలక బావ ముందుకి వచ్చింది. తొండ చిరునవ్వుతో తలాడించాడు. సరిగ్గా అప్పుడు పడుగులో ఎక్కడో ఒక పోగు టప్పున తెగి, బావ మగ్గం ఆగిపోయింది.

మంచి నూలు. తెగవలసినది కాదు. కానీ పోగుకి మన సంగతులు ఏం తెలుస్తాయి?

అలవాటుగా కుడిచెయ్యి పైకి లేవబోయింది. రెండు వేళ్లు మెలేసి చూపిస్తే అయిపోతుంది. పోగు తెగిన మాట నిజమే, ముడి చూపించడం న్యాయమే, ఎవరూ ఏమీ అనరు. చెయ్యి నడుం దాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

పక్కన పిచ్చుక మగ్గం ఆగింది. వెనకాల ఇంకొకటి. "బావది ఆగింది" అని పెదవులు వరస వరసకీ అందించుకున్నాయి. వాన వెలిసినట్టు ఒక మూల నించి చప్పుడు తగ్గుతూ పోయింది. కాళ్ల కింద నేల అదరడం మానేసింది. ఆ షెడ్డులో చాలా రోజులుగా లేని నిశ్శబ్దం.

తొండకి చెమటలు పట్టాయి. "ముడేగా బావా? ముడి చూపించు, ముడి చూపించు" అన్నాడు, తన వేళ్లే మెలేసి నేర్పుతున్నట్టు చూపిస్తూ. బావ చూపించకపోయేసరికి, పలక గోడకానించి పరుగున పోయి తన మగ్గం నడిపించాడు. అంత పెద్ద షెడ్డులో అదొక్కటే టకటకా, టకటకా. ఎవరూ తోడు రాలేదు. కాసేపు ఆడించి, చుట్టూ చూసి, తనే ఆపేసుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

తెర తొలగించుకుని బావమరిది బయటికొచ్చాడు. షెడ్డులో నిశ్శబ్దం గదిలోంచే విని వచ్చాడు. ఎవరు ఆపారోనని చూసుకుంటూ వచ్చి, బావ ముందు ఆగిపోయాడు.

"పోగు తెగిందా?" అన్నాడు మెల్లగా.

"తెగింది."

"మరి ముడేసుకో. ఏం కాలేదు, అందరూ నడపండి!"

ఒకరిద్దరు మీటల మీద చేతులు వేశారు. అప్పుడు బావ నోరు విప్పాడు.

"ఆగండి. మీరందరూ ఎలాగూ ఆపారు. గీత ఎలాగూ పడింది. చెబుతాను."

అందరూ దగ్గరికి జరిగారు, పెదవులు కనపడేలా.

"నా మగ్గం నేనాపలేదు. ముందే చెబుతున్నాను, గొప్ప పోతే పోనీ. పోగే తెగింది. ముడి చూపిద్దామని చెయ్యి ఎత్తబోయాను. లేవలేదు." ఊపిరి తీసుకున్నాడు. ఒక్కసారిగా అన్ని మాటలు ఆయనకి అలవాటు లేదు. "వీడు నాకు బల్ల ఇస్తానన్నాడు. నా మోకాళ్లు చూసి ఇస్తానన్నాడు, మంచివాడే. నాకూ కూర్చోవాలని ఉంది. కానీ వీడు తలుచుకుంటే ఇచ్చే బల్ల, రేపు తలుచుకుంటే తీసేస్తాడు. అప్పుడు నేనెవరికి చెప్పుకోవాలి? గదికి పోయి వీడికే చెప్పుకోవాలి."

"బావా, ఇంటి సంగతులు ఇక్కడెందుకు?" అన్నాడు బావమరిది. మొహం ఎర్రబడింది.

"ఇంటికొచ్చి షెడ్డు సంగతి మాట్లాడింది నువ్వేరా."

ఎవరో నవ్వారు, వెంటనే మానేశారు.

"ఇప్పుడు ఎవరికి కష్టమొచ్చినా చెవిటోడికైనా తెలుస్తుంది. కాళ్ల కింద అదురు ఆగిపోతుంది. ఏమిటా అని తల తిప్పి చూస్తాం. గదిలోకి పోయి చెబితే ఎవరికి తెలుస్తుంది? తెర అవతల ఎవరు ఏడ్చారో, ఎవరు కాదన్నారో, ఎంతమంది కాదన్నారో మనకేం తెలుస్తుంది? ప్రతివాడూ నేనొక్కడినే కాబోలు అనుకుంటాడు. ఇందాక పలక మొదటి వరసలో తిరుగుతుంటే నేనూ అదే అనుకున్నాను, నేనొక్కడినే కాబోలని. నా వెనక ఎన్ని మగ్గాలు ఆగాయో చూడండి. మీరందరూ ముళ్లు చూపించకుండా ఎందుకు ఆపారు?"

"రూలు కదా బావా, ఒకటి ఆగితే అందరూ ఆపాలి" అన్నాడు తొండ.

"నువ్వు ఆపలేదుగా" అంది పిచ్చుక.

"ఆపాను! కొంచెం లేటు."

ఈసారి అందరూ నవ్వారు. తొండ కూడా తలాడించాడు.

"మిల్లు సంగతి?" బావమరిది గట్టిగా అడిగాడు. "అందరూ కలిసి నవ్వుకుంటే మిల్లు ఆగుతుందా? కొనేవాడు గీత చూపిస్తుంటే నేను తల దించుకుంటున్నాను, మీరు కాదు. ఈ షెడ్డు మూతపడితే ఏ మగ్గం ఆపుకుంటారు? నేను నా కోసం అడిగానా?"

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. అందులో నిజముంది.

"నీ కోసం అడగలేదు" అన్నాడు బావ. "నువ్వు పెద్దగా ఉంటే నాకు కోపం లేదు. వచ్చే ఏడు నిలబడు, నేనే ముందు చెయ్యెత్తుతాను. అడక్కుండా ఉంటానంటేనే ఎత్తను. గీత పడుతుందన్నావు. పడుతుంది. పిచ్చుకకి పుచ్చిన నూలిస్తే పడే ముళ్ల కంటే ఆ గీత నయం. ఆ నూలు నువ్వు చూశావు, నేనూ చూశాను, వీళ్లూ చూశారు. ఇక నాకు మాటలు లేవు."

నిజంగానే లేవు. మగ్గానికి ఆనుకుని మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

రెండు మాటలకీ విడివిడిగా చేతులెత్తుదామన్నాడు నూనె మేస్త్రి. మగ్గాలు ఆపకూడదన్న మాటకి అనుకూలంగా లేచిన చేతులు అక్కడొకటి ఇక్కడొకటి. అది పోయింది. పెద్దని ఎన్నుకోవడం మానెయ్యాలన్న మాటకి మాత్రం చేతులు చాలానే లేచాయి. మిల్లు భయం అలాంటిది. అటు కాసిన్ని, ఇటు కాసిన్ని. లెక్క తప్పిందేమోనని మళ్లీ ఎత్తించారు. చివరికి అదీ పోయింది, కానీ వెంట్రుకవాసిలో పోయింది. ఆ సంగతి బావకి చాలా రోజులు మనసులో మెదులుతూనే ఉంది.

బావమరిది అక్కడ నిలబడలేదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బావ తెగిన పోగు వెతికి ముడేశాడు. రెండుసార్లు జారింది. పిచ్చుక చూసి, తన పీలికల వేళ్లతో వచ్చి వేసిపెట్టింది. "ఇంతకీ పోగు నిజంగానే తెగిందా బావా?" అంది.

"నిజంగానే."

"ఎవరికీ చెప్పకు."

"అందరికీ చెప్పాగా."

"అయ్యో, అవును కదూ" అని నెత్తి కొట్టుకుంది.

ఇంట్లో భార్య రెండు వారాలో మూడు వారాలో ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడలేదు. అంటే మాట్లాడలేదనే. వీపు తిప్పుకుని ఏవేవో అనేది, ఆయనకి వినపడేవి కావు. ఒకరోజు వచ్చి నిలబడింది. "వాడికి మా ఇంట్లో చిన్నప్పటినించీ అడ్డు చెప్పినవాళ్లు లేరు. మా అమ్మ చెప్పలేదు, నేను చెప్పలేదు" అంది. కంచం ముందు పెట్టి, "నువ్వు చెప్పావని నాకు కోపం. ఇంకా ఉంది" అంది. అని అన్నం పెట్టింది.

బల్ల గురించి పలక తిరిగింది. నడుం వంగిపోయిన ఒక నేతకత్తె పేరు రాశారు. ఆవిడ నడుంతో పోలిస్తే బావ మోకాళ్లు నయం. బావ తన మగ్గం నడుపుకున్నాడు. నిలబడే.

ఏడాది తిరిగింది. ఎన్నిక జరిగింది. బావ మాట ఇచ్చినట్టే బావమరిదికి చెయ్యెత్తాడు. ఆయన ఎత్తినా నెగ్గింది నూనె మేస్త్రి. మేస్త్రికి పెద్ద తెలివితేటలు లేవు, లెక్కలు మర్చిపోతాడు, కొనేవాళ్ల ముందు నాలుక తడబడుతుంది. మిల్లు భయం ఎక్కడికీ పోలేదు. షెడ్డు నిలబడుతుందో లేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

బావమరిది వచ్చి మగ్గం ఎక్కాడు. బావకి ముందున్న వరసలోనే. చేతులు పని మర్చిపోలేదు. బావతో మాత్రం మాట్లాడలేదు. భోజనాల వేళ అటు తిరిగి తినేవాడు.

మేస్త్రి కొత్తగా ఒక పలక పంపాడు. ఎక్కడో మూతపడ్డ షెడ్డు నించి పాత మగ్గాలు చవగ్గా వస్తున్నాయి, కొందామా అని. తొండ పలక పట్టుకుని, ఈ పెద్దకీ తలాడిస్తూ, వరసల్లో నడిచాడు. బావమరిది దాకా వచ్చాడు. బావమరిది చెయ్యి మీట మీదికి వెళ్లి, అక్కడ చాలాసేపు ఆగింది. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. బావ గుడ్డ అంచు సర్దుకుంటున్నాడు. బావమరిది మీట లాగాడు.

పిచ్చుక మగ్గమే అందరికంటే ముందు ఆగింది. మొహం మాడ్చుకునే ఆపింది. బావ ఆపాడు, షెడ్డంతా ఆగింది.

బావమరిది చాలాసేపు మాట్లాడాడు. పాత మగ్గాలకి విడిభాగాలు దొరకవన్నాడు, అది నిజం. నూలు కొనే బేరం తన చేతిలో పెడితే షెడ్డుని గట్టెక్కిస్తానన్నాడు, అది పాత పాటే. కాళ్లు పీకుతున్నా అందరూ నిలబడి చివరిదాకా విన్నారు. చేతులెత్తారు. మగ్గాలు ఒకసారి మేస్త్రితోపాటు ఇంకో ఇద్దరు వెళ్లి చూసి వచ్చాకే కొనాలని తేలింది. బేరం సంగతి వీగిపోయింది.

సాయంత్రం గేటు దాటాక వెనకనించి అడుగులు దగ్గరయ్యాయి. బావమరిది వచ్చి పక్కన కాకుండా ముందుకొచ్చి, మొహం ఇటు తిప్పి, వెనక్కి నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"బేరానికి నువ్వు చెయ్యెత్తలేదు."

"ఎత్తలేదు."

"మగ్గాలకి ఎత్తావుగా? చూసొచ్చాకే కొనాలన్నదానికి?"

"అది సరైన మాట."

"బేరం ఎందుకు సరైంది కాదో చెప్పు."

"చెబితే వింటావా?"

"వినడానికేగా వచ్చింది!"

"కాస్త ముందు చూసుకో, రాయుంది."

బావ చెప్పాడు. బావమరిది కాదన్నాడు. బావ మళ్లీ చెప్పాడు. ఇద్దరికీ చెవులు అంతంతమాత్రం, అందుకని వీధి మలుపు తిరిగేసరికి గొంతులు పైకి లేచాయి. గుమ్మాల్లోంచి జనం తొంగిచూశారు. ఎవరో ఇద్దరు మగాళ్లు నడిరోడ్డు మీద పోట్లాడుకుంటున్నారని అనుకున్నారు.

పోట్లాటే. ఇంటిదాకా సాగింది, ఇంట్లో కూడా సాగింది.